తోటివారి డ్రాఫ్టు చదవడం కూడా నేర్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పరిశోధన వ్యాసం ఎలా రాయాలో మీ విద్యా పేజీలో అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. టాపిక్ ఎలా ఎంచుకోవాలి, రిఫరెన్సులు ఎలా ఇవ్వాలి, కాపీ కొట్టకుండా ఎలా జాగ్రత్తపడాలి, అన్నీ రాస్తున్నారు. పక్కన కూర్చున్న విద్యార్థి రాసిన డ్రాఫ్టు మన చేతికి వస్తే దాన్ని ఎలా చదవాలి, చదివాక ఏం చెప్పాలి అన్నది మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతూ వాళ్ల చేత వ్యాసాలు రాయిస్తున్న అధ్యాపకురాలిని. ఆ లోటు గురించి చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా క్లాసులో వ్యాసం నా దగ్గరికి రాకముందే ఇద్దరిద్దరు డ్రాఫ్టులు మార్చుకుని చదవాలి. అలా చదివి వెనక్కి ఇచ్చిన కాగితాల మీద చాలాసార్లు ఏముంటుందంటే, "బాగుంది", "చాలా బాగా రాశావు", "ఇంకొంచెం వివరంగా రాస్తే బాగుంటుంది". అది కాకపోతే నాలుగైదు అక్షర దోషాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు. రాసినవాళ్లు ఆ కాగితం తీసుకుని, సున్నాలు చుట్టిన చోట దిద్దుకుని, అదే వ్యాసం నాకు తెచ్చి ఇస్తారు.

ఇలా రాసే పిల్లలు బద్ధకస్తులని నేను అనుకోను. ఉన్నది ఉన్నట్టు చెబితే స్నేహం చెడుతుందేమోనన్న భయం ఉంటుంది. "నాకే సరిగ్గా రాదు, వాడికి నేనేం చెబుతాను" అన్న సంకోచం ఉంటుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. చిన్నప్పటి నుంచి వాళ్లు తమ కాగితాల మీద చూసింది టిక్కులు, ఇంటూ గుర్తులు, మార్కులే. ఇంకొకరి కాగితం చేతికి రాగానే టీచరులా మార్కులు వేయాలేమో అనిపిస్తుంది. ఆ పని తమ వల్ల కాదనుకుని "బాగుంది" అని తప్పుకుంటారు.

తోటి విద్యార్థి నుంచి కావలసింది తీర్పు కాదండీ. ఆ వ్యాసం చదువుతున్నంతసేపూ తన బుర్రలో ఏం జరిగిందో నిజాయితీగా చెబితే చాలు. ఎక్కడ అర్థమైంది, ఎక్కడ దారి తప్పింది, ఎక్కడ "ఇది నిజమేనా" అనిపించింది, ఎక్కడ ఆగకుండా చదవాలనిపించింది. రాసినవాళ్లకు ఈ సంగతులు సొంతంగా తెలిసే అవకాశమే లేదు. తను చెప్పదలచుకున్నది తనకు ముందే తెలుసు కాబట్టి, కాగితం మీద లేని మాటను కూడా మనసు ఉన్నట్టే చదివేస్తుంది. బయటి మనిషి చదివినప్పుడే ఆ ఖాళీ బయటపడుతుంది. ఇందుకు పెద్ద పాండిత్యం అక్కర్లేదు. సబ్జెక్టు తెలియకపోవడం కూడా కొన్నిసార్లు మేలే చేస్తుంది.

మా క్లాసులో జరిగింది ఒకటి చెబుతాను. ఒక అబ్బాయి లండన్‌లో 1854లో వచ్చిన కలరా గురించి, దాని మూలాన్ని వెతికిన డాక్టర్ జాన్ స్నో గురించి వ్యాసం రాశాడు. కష్టపడి రాశాడు. స్నో 1813లో యార్క్‌లో పుట్టడం, మత్తుమందు వైద్యంలో పేరు తెచ్చుకోవడం, 1853లో విక్టోరియా రాణి కాన్పు సమయంలో క్లోరోఫాం ఇవ్వడం, ఇవన్నీ మొదటి రెండు పేజీల్లో ఉన్నాయి. ఆ తర్వాత బ్రాడ్ స్ట్రీట్ పంపు కథ, అంటే ఆ వీధిలోని బావి పంపు నీళ్లు తాగినవాళ్లే ఎక్కువగా చనిపోతున్నారని స్నో గమనించి, ఆ పంపు పిడి తీయించడం. దాన్ని చదివిన అమ్మాయి ఎక్కడా సున్నాలు చుట్టలేదు. చివరిదాకా చదివి, కాగితం బోర్లా పెట్టి, ఒక్క వాక్యం రాసింది. "నాకు అర్థమైంది ఇది: స్నో చాలా గొప్ప డాక్టరు. నువ్వు చెప్పాలనుకున్నది ఇదేనా?"

కాదన్నాడు ఆ అబ్బాయి. కలరాకు కారణమైన సూక్ష్మజీవి ఏదో లోకానికి తెలియకముందే, ఎవరు చనిపోయారు, వాళ్లు ఏ నీళ్లు తాగారు అని లెక్క తీయడం ద్వారా కారణం దగ్గరికి చేరుకోవచ్చని చెప్పడమే తన ఉద్దేశమట. "మరి ఆ మాట వ్యాసంలో ఎక్కడుంది?" అని ఆ అమ్మాయి అడిగింది. వెతికితే ముగింపుకు ముందు పేరాలో, ఒక పొడుగాటి వాక్యం మధ్యలో దొరికింది. మరుసటి డ్రాఫ్టులో అది మొదటి పేజీకి వచ్చింది. రాణిగారి క్లోరోఫాం ఒక్క వాక్యానికి తగ్గింది. నేను ఎర్ర పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చున్నా రాని మార్పు అది, ఎందుకంటే ఆ నిర్ణయం అతనే తీసుకున్నాడు.

ఆ అమ్మాయి రెండో ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. డ్రాఫ్టులో "సెప్టెంబర్ 8న పంపు పిడి తీసేశారు, మర్నాడే కలరా ఆగిపోయింది" అని ఉంది. రిఫరెన్సు లేదు. "మర్నాడే అని ఎక్కడ చదివావు?" అని పక్కన పెన్సిల్‌తో రాసింది. అతను ఒక వీడియోలో విన్నాడు. ఇద్దరూ కూర్చుని స్నో 1855లో అచ్చు వేసిన సొంత నివేదికలో ఆ చోటు వెతికి చదివారు. అక్కడ స్నో చెప్పింది వేరు. జనం అప్పటికే ఆ వీధులు వదిలి పారిపోయారు, పిడి తీయకముందే కేసులు బాగా తగ్గాయి, కాబట్టి ఆ సమయానికి బావి నీటిలో విషం ఇంకా చురుగ్గా ఉందో లేదో తేల్చి చెప్పలేమని ఆయనే ఒప్పుకున్నారు. వీడియోలోని కథ కంటే ఈ నిజం వ్యాసానికి ఎంత బలం ఇచ్చిందో చూడండి. తన వాదానికి అనుకూలంగా చెప్పుకోగలిగిన చోట కూడా అతిగా చెప్పని మనిషిగా స్నో కనిపించారు. ఆ అబ్బాయి వ్యాసానికి కావలసింది సరిగ్గా అదే.

మూడో ప్రశ్న: "అంత స్పష్టంగా ఉంటే అప్పటివాళ్లు ఎందుకు నమ్మలేదు? వాళ్లందరూ తెలివితక్కువవాళ్లా?" డ్రాఫ్టులో ఎదుటి పక్షం గురించి, అంటే కలరా చెడు గాలి వల్ల వస్తుందని నమ్మినవాళ్ల గురించి, "మూఢనమ్మకాలతో ఉన్నారు" అని ఒక్క ముక్కే ఉంది. ఈ ప్రశ్నతో ఆ అబ్బాయి విలియం ఫార్ దాకా వెళ్లాడు. ఫార్ మూఢుడేమీ కాదు, ఆ దేశపు మరణాల లెక్కలను దగ్గరుండి చూసిన గణాంక నిపుణుడు. థేమ్స్ నది మట్టానికి ఎంత ఎత్తులో ఉంటే కలరా మరణాలు అంత తక్కువని 1852లో లెక్కలతో చూపించాడు. పల్లంలో చెడు గాలి పేరుకుంటుందన్న సిద్ధాంతానికి ఆ లెక్క చక్కగా సరిపోయింది. పల్లంలో ఉన్నవాళ్లే ఎక్కువగా నది మురుగు కలిసిన నీళ్లు తాగుతున్నారన్నది ఆ లెక్కలో కనిపించని సంగతి. ఒకే రకమైన అంకెల నుంచి ఇద్దరు తెలివైనవాళ్లు రెండు వేర్వేరు నిర్ణయాలకు ఎలా వచ్చారన్నదే చివరికి ఆ వ్యాసంలో అన్నిటికంటే మంచి భాగమైంది.

ఆ అమ్మాయి మెచ్చుకోలు కూడా చెప్పుకోదగ్గది. "బాగుంది" అనలేదు. "వర్క్‌హౌస్ పేరా దగ్గర నేను నమ్మాను" అని రాసింది. పంపుకు దగ్గర్లోనే ఉన్న వర్క్‌హౌస్‌లో (పేదలకు నీడ ఇచ్చి పని చేయించే చోటు) 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే, ఎందుకంటే వాళ్లకు సొంత బావి ఉంది. దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉంటున్న ఒక ముసలావిడ ఆ పంపు నీళ్ల రుచి ఇష్టపడి రోజూ తెప్పించుకునేది, ఆమె చనిపోయింది. దగ్గరున్నవాళ్లు బతికి దూరాన ఉన్నావిడ పోవడం పాఠకురాలికి తట్టింది. అది ఫలానా చోట తట్టిందని చెప్పడం వల్ల, తన వ్యాసంలో ఏది పనిచేస్తోందో రాసినవాడికి తెలిసింది. డ్రాఫ్టు తిరగరాసేటప్పుడు మంచి భాగాలను కూడా పొరపాటున కొట్టేసుకునే వాళ్లను చాలామందిని చూశాను. ఎక్కడ బాగుందో వేలు పెట్టి చూపించకపోతే అలాగే అవుతుంది.

రిఫరెన్సుల విషయంలో నేను పిల్లలకు ఒక పని తప్పనిసరిగా చెబుతాను. అన్నీ చూడక్కర్లేదు, వ్యాసం ఏ రెండింటి మీద ఎక్కువ ఆధారపడిందో అవి తెరిచి, ఆ పేజీలో నిజంగా ఆ మాట ఉందో లేదో చూడమంటాను. ఫోను వాడకం, నిద్ర గురించి రాసిన ఒక డ్రాఫ్టులో "ఫోను వల్ల నిద్ర తగ్గుతుందని రుజువైంది" అని ఉంది. రిఫరెన్సు తెరిస్తే, ఫోను ఎక్కువ వాడేవాళ్లు తక్కువ నిద్రపోతున్నట్టు కనిపించిందని మాత్రమే ఉంది. చదివిన విద్యార్థి అడిగిన ప్రశ్న చాలా మామూలుది: "నిద్ర పట్టనివాళ్లే ఫోను చూస్తూ పడుకుంటున్నారేమో కదా?" రెండు విషయాలు కలిసి కనిపించడం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు. ఈ పాఠం నేను బోర్డు మీద చాలాసార్లు చెప్పాను. పక్క బెంచీ నుంచి వచ్చిన ఆ ఒక్క ప్రశ్నతో అది వాళ్లకు ఎక్కినంతగా నా బోర్డుతో ఎక్కలేదు.

అక్షర దోషాలు అసలు చూడొద్దా అని తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు. చూడాలి, చివర్లో. మొదటి డ్రాఫ్టులో సగం పేరాలు మారిపోతాయి, కొట్టేయబోయే వాక్యంలో దీర్ఘాలు దిద్దడం ఇద్దరి సమయమూ వృథా చేయడమే. పైగా సున్నాలు చుట్టిన కాగితం చూడగానే రాసినవాళ్లకు పని అయిపోయినట్టు అనిపిస్తుంది, అసలు మాట ఎక్కడుందన్న పెద్ద ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే ఒక్కచోట చూపించి "ఇది మిగతా చోట్ల కూడా ఉంది, చూసుకో" అంటే సరిపోతుంది.

చెప్పే తీరు గురించి కూడా ఒక మాట. "ఈ పేరా గందరగోళంగా ఉంది" అన్నదానికీ "ఈ పేరా రెండుసార్లు చదివాను, మొదటి వాక్యానికీ మూడో వాక్యానికీ సంబంధం నాకు అందలేదు" అన్నదానికీ చాలా తేడా ఉంది. మొదటిది వింటే రాసినవాళ్లు వాదనకు దిగుతారు. రెండోదానితో వాదించడానికి ఏమీ లేదు, చదివినవాళ్లకు అందలేదు, అంతే. ఎక్కడ అందలేదో కూడా తెలిసింది కాబట్టి వెంటనే పని మొదలుపెట్టవచ్చు.

చెప్పే తీరు గురించి ఆలోచించినప్పుడల్లా ఐన్‌స్టీన్ సంగతి గుర్తొస్తుంది. 1936లో ఆయన, తోటి శాస్త్రవేత్త నేథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు (గురుత్వాకర్షణ వల్ల అలల్లా వ్యాపించే కదలికలు) లేవని తేల్చే వ్యాసం ఒకటి ఫిజికల్ రివ్యూ అనే భౌతికశాస్త్ర పత్రికకు పంపారు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక రిఫరీకి, అంటే అచ్చుకు ముందు వ్యాసాన్ని పరిశీలించే నిపుణుడికి ఇచ్చి, వచ్చిన సుదీర్ఘమైన అభ్యంతరాలను ఐన్‌స్టీన్‌కు పంపాడు. అచ్చు కాకముందే తమ వ్యాసాన్ని ఇంకొకరికి చూపించమని తాము అనలేదంటూ ఆయన దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ రిఫరీ హోవర్డ్ రాబర్ట్‌సన్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రాబర్ట్‌సన్ అంతటితో వదిలేయలేదు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్ సహాయకుడు లియోపోల్డ్ ఇన్‌ఫెల్డ్‌తో పరిచయం పెంచుకుని, ఆ తర్కంలో చిక్కు ఎక్కడుందో మాటల్లో విడమరిచి చూపించాడు. ఐన్‌స్టీన్ కూడా లోపం గుర్తించారు. 1937లో వేరే పత్రికలో వచ్చిన వ్యాసంలో ముగింపు మారిపోయింది. అవే గురుత్వ తరంగాలను 2015లో అమెరికాలోని లైగో పరిశోధన కేంద్రాల పరికరాలు పట్టుకున్నాయి. అంతటి మనిషికే తన కాగితంలోని లోపం బయటివాళ్లు ఎత్తిచూపితే కోపం వచ్చింది, మా పిల్లలకు మొహం చిన్నబోతే ఆశ్చర్యం ఏముంది? ముక్కూ మొహం తెలియని నివేదిక చేయలేనిది పక్కన కూర్చుని మాట్లాడితే జరుగుతుందని మాత్రం ఆ సంగతి చెబుతోంది. అందుకే రాసిన కామెంట్లు చేతికిచ్చి వెళ్లిపోవద్దని, పది నిమిషాలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడమని మా పిల్లలకు చెబుతాను.

ఆ పది నిమిషాల్లో రాసినవాళ్లు మొదట వినాలి. "నా ఉద్దేశం అది కాదు" అని మధ్యలో అందుకుంటే, నోటితో వివరించి సరిపెట్టుకుంటారు, కాగితం మారదు. విన్నాక చెప్పినవన్నీ ఒప్పుకోవాలని కూడా లేదు. పాఠకురాలికి సమస్య కనిపించిందంటే అక్కడ ఏదో ఉందన్నమాట, దానికి ఆమె చెప్పిన పరిష్కారమే సరైనదని కాదు. వ్యాసం ఎవరిదో నిర్ణయం వాళ్లదే. ఇక్కడే చదివేవాళ్లకు కూడా ఒక హద్దు ఉంది. స్నేహితుడి వాక్యాలను మనమే తిరగరాసి ఇవ్వకూడదు. వాక్యం మెరుగుపడవచ్చు కానీ అది అతని వాక్యం కాకుండా పోతుంది, అతను నేర్చుకోవలసింది కూడా మనతోనే వెళ్లిపోతుంది. "ఇక్కడ నువ్వు చెప్పాలనుకున్నది నాకు నోటితో చెప్పు" అంటే చాలాసార్లు మంచి వాక్యం అతని నోట్లోంచే వస్తుంది, అది రాసుకోమనడమే మన పని.

ఇప్పుడు కొత్తగా ఇంకొక బాధ వచ్చింది. స్నేహితుడి డ్రాఫ్టును చాట్‌బాట్‌లో పెట్టి, అది ఇచ్చిన కామెంట్లను తన పేరుతో పంపేస్తున్నారు. పొందికగా, మర్యాదగా, అన్ని పాయింట్లూ ఉన్నట్టే కనిపిస్తాయి. కానీ అందులో చదివిన మనిషి లేడు. వర్క్‌హౌస్ పేరా దగ్గర నమ్మానని చెప్పడానికి అక్కడ ఎవరో ఒకరు నిజంగా నమ్మాలి కదా. పైగా ఆ డ్రాఫ్టు మనది కాదు, రాసినవాళ్లను అడగకుండా ఎక్కడో అప్‌లోడ్ చేసే హక్కు మనకు లేదు. నా క్లాసులో దీన్ని నేను ఒప్పుకోను, కారణం కూడా వాళ్లకు విడమరిచి చెబుతాను.

ఇందులో చదివేవాళ్లకు ఏం లాభం అని అడిగేవాళ్లున్నారు. బాగా చదివే పిల్లల తల్లిదండ్రులు ముఖ్యంగా. "మా అమ్మాయి టైమంతా పక్కవాళ్ల వ్యాసాలు దిద్దడానికే పోతోంది" అంటారు. దీనికి జవాబు ఉంది. 2009లో క్రిస్టీ లండ్‌స్ట్రామ్, వెండీ బేకర్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకుంటున్న విద్యార్థులతో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక గుంపు ఇతరుల రాతలకు ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం మాత్రమే నేర్చుకుంది, ఇంకో గుంపు వచ్చిన ఫీడ్‌బ్యాక్‌ను వాడుకోవడం మాత్రమే నేర్చుకుంది. కోర్సు చివర్లో సొంత రాత ఎక్కువగా మెరుగుపడింది ఫీడ్‌బ్యాక్ ఇచ్చినవాళ్లదే. భాషలో ఇంకా తొలి మెట్ల మీద ఉన్నవాళ్లలో ఆ తేడా మరీ కనిపించింది. "నాకే సరిగ్గా రాదు" అని వెనక్కి తగ్గే పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఇదే. జాన్ స్నో వ్యాసం చదివిన అమ్మాయి కూడా తర్వాత తన వ్యాసంలో, తన అసలు మాట ఎక్కడుందో తానే పెన్సిల్‌తో గీత గీసుకుని తెచ్చింది.

ఇదంతా జరగాలంటే క్లాసులో సమయం కావాలి. "ఇంటికి తీసుకెళ్లి చదివి రండి" అంటే బస్సులోనో, క్లాసు మొదలయ్యే ముందు గుమ్మం దగ్గరో చదువుతారు. ఒక పూర్తి పీరియడ్ కేటాయించాలి. ఇచ్చిన ఫీడ్‌బ్యాక్‌కు కూడా కొన్ని మార్కులు ఉండాలి, ఎన్ని తప్పులు పట్టారన్నదానికి కాదు, ఎంత శ్రద్ధగా చదివారన్నదానికి. అది ఎలా తెలుస్తుందని తోటి అధ్యాపకులు అడుగుతుంటారు. తెలుస్తుందండీ. ఆ కామెంటును వేరే ఏ వ్యాసం మీద అంటించినా సరిపోతుందంటే చదవలేదన్నమాట. ఆ వ్యాసానికి తప్ప ఇంకొకదానికి సరిపోదంటే చదివారన్నమాట. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడి నాకూ ఉంది, అయినా ఈ ఒక్క పీరియడ్ వదులుకోమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మీకు ఒక విన్నపం. మీ విద్యా పేజీలో ఎప్పుడైనా ఒక విద్యార్థి డ్రాఫ్టులో ఒక పేజీ, రాసినవాళ్ల అనుమతితో, పేరు లేకుండా ప్రచురించండి. దాని పక్కనే తోటి విద్యార్థి రాసిన కామెంట్లు, కింద ఆ పేజీ తిరగరాశాక ఎలా మారిందో వేయండి. మంచి ఫీడ్‌బ్యాక్ ఎలా ఉంటుందో చాలామంది పిల్లలు ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. అలాంటి పేజీ వేయడానికి మీరు సిద్ధమైతే, మా విద్యార్థులను అడిగి డ్రాఫ్టులు పంపే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకురాలు